కుక్కకు, పిల్లికి కడుపు కుదుటపడాలంటే: తిండి మార్పు నుంచి యాంటీబయాటిక్ కోర్సు దాకా

విజయవాడ, గుంటూరు పాఠకులు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్న ఇది: "మా కుక్కకు మోషన్స్ కట్టడం లేదు, ఏ ప్రోబయోటిక్ ఇవ్వాలి?" నిజానికి ప్రోబయోటిక్ (పేగులకు మేలుచేసే సూక్ష్మజీవులున్న పొడి లేదా మందు) వంతు చాలా తర్వాత వస్తుంది. పేగుల్లోని బ్యాక్టీరియా రోజూ అందే తిండికి అలవాటుపడి బతుకుతుంది. తిండి, మందు, చిరుతిండి మూడూ ఒకేసారి మారిస్తే ఏ పొడి వేసినా నిలవదు. అందుకే కింది వరుసలోనే వెళ్ళండి. ఒకసారికి ఒక్కటే మార్చండి.

1. ముందు తేల్చుకోవలసింది: ఇంట్లో చూసుకోవచ్చా, డాక్టరు దగ్గరకు పరుగెత్తాలా?

వీటిలో ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం వద్దు. అదే రోజు పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి.

- 6 నెలల లోపు కూన, ముఖ్యంగా టీకాలు పూర్తికానిది, వాంతులతో పాటు మోషన్స్ అవుతుంటే. పార్వో వైరస్ (కూనల ప్రాణం తీసే పేగు జబ్బు) అయితే గంటలు కూడా లెక్కే.
- మలంలో రక్తం బాగా పడుతుంటే, లేదా మలం తారులా నల్లగా, జిగటగా ఉంటే.
- రోజులో మూడుసార్లకు మించి వాంతి అయితే, తాగిన నీళ్ళు కూడా నిలవకపోతే.
- పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా ఊరికే డోకుతుంటే. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి లోతైన ఛాతీ ఉన్న జాతుల్లో కడుపు మెలిపడితే ఇలాగే మొదలవుతుంది. అర్ధరాత్రి అయినా ఆగకూడదు.
- చిగుళ్ళు తెల్లబడితే, లేదా వేలు పెడితే ఎండిపోయి అంటుకుంటుంటే.
- మలద్వారంలో థర్మామీటరు 103 దాటి చూపిస్తే. మామూలుగా కుక్కకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. మనకు 102 జ్వరం, దానికి అది మామూలు. ఈ తేడా తెలియక పారాసిటమాల్ వేసేవాళ్ళున్నారు. పిల్లికైతే ఒక్క మాత్రే ప్రాణం తీస్తుంది.
- పిల్లి 24 గంటలుగా ఏమీ తినకపోతే.

ఒంట్లో నీళ్ళు తగ్గాయేమో చూడటానికి చిగురు మీద వేలితో నొక్కి వదలండి. తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగుకు రావాలి. భుజాల మధ్య చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి. గుడారంలా నిలబడి మెల్లగా దిగుతుంటే ఒంట్లో నీళ్ళు తగ్గినట్టే.

2. దగ్గర పెట్టుకోవలసినవి

- వంటింటి డిజిటల్ త్రాసు. కప్పులు, గుప్పెళ్ళ కొలతలతో ఈ పని సాగదు.
- డిజిటల్ థర్మామీటరు, దానికి రాయడానికి కొబ్బరినూనె.
- మెడికల్ షాపులో దొరికే మూత ఉన్న నమూనా డబ్బాలు మూడు.
- వాసన, రంగు, తీపి కలపని ఇసబ్గోల్ పొట్టు.
- తియ్య గుమ్మడికాయ ముక్క.
- పాత తిండి కనీసం పది రోజులకు సరిపడా. చాలామంది పాత ప్యాకెట్ అయిపోయాకే కొత్తది కొంటారు. అప్పుడిక కలిపి ఇవ్వడానికి ఏమీ మిగలదు.
- ఒక నోటు పుస్తకం.

3. వారం రోజులు మలం చూసి రాయండి

పశువైద్యులు మలానికి 1 నుంచి 7 దాకా మార్కులు వేస్తారు. 1 అంటే మేకపెంటికల్లా గట్టిగా, పొడిగా. 2 అంటే గట్టిగా ఉన్నా తేలిగ్గా బయటికి వచ్చేది. 3 అంటే రూపం ఉండి, తీస్తే నేలమీద కొద్దిగా తడి మరక వదిలేది. 4 మెత్తగా ఉంటుంది. 5కి వచ్చేసరికి రూపం పోయి కుప్పలా పడుతుంది. 6 ముద్దలా, 7 నీళ్ళలా ఉంటుంది. 2, 3 వస్తుంటే పేగులు బాగున్నట్టు.

పుస్తకంలో రోజుకు ఒక్క వరుస చాలు: ఎన్నిసార్లు, ఎన్ని మార్కులు, జిగురు ఉందా, ఏం తింది, ఎవరు పెట్టారు. ఆ చివరిది తప్పకుండా రాయాలి. ఇంట్లో అమ్మమ్మ రోజూ చేతిలో పెడుతున్న బిస్కెట్లూ, వాచ్‌మన్ వేస్తున్న బిర్యానీ ఎముకలూ ఆ గడిలోనే దొరుకుతాయి.

కొద్ది కొద్దిగా, చాలాసార్లు, జిగురుతో వెళుతూ ముక్కుతుంటే ఇబ్బంది పెద్దపేగులో ఉండొచ్చు. రెండు మూడుసార్లే అయినా పెద్ద మొత్తంలో పోతూ, బరువు తగ్గుతుంటే చిన్నపేగును అనుమానించాలి. డాక్టరుకు ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే సగం పని అయినట్టే.

4. లూజ్ మోషన్స్ మొదలైతే మొదటి మూడు రోజులు

పైన చెప్పిన ప్రమాద సూచనలేవీ లేకుండా, కుక్క తోక ఊపుతూ హుషారుగా ఉంటేనే ఈ పద్ధతి.

*మొదటి రోజు.* పెద్ద కుక్క అయితే ఒక పూట తిండి ఆపవచ్చు, రోజంతా మాడ్చాల్సిన పనిలేదు. కూనలకూ పిల్లులకూ ఆ ఒక్క పూట కూడా ఆపకండి. నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కుక్కకు కేజీ బరువుకు రోజుకు 50 నుంచి 60 మి.లీ. నీళ్ళు కావాలి. మోషన్స్ అవుతుంటే, అదీ బెజవాడ మే నెలలో, ఇంకా ఎక్కువ పడుతుంది. గిన్నెడు నీళ్ళు ఒక్కసారే తాగి కక్కేస్తుంటే, 10 కేజీల కుక్కకు అరగంటకోసారి రెండు మూడు టేబుల్ స్పూన్ల చొప్పున ఇవ్వండి.

*చప్పిడి తిండి.* చర్మం, కొవ్వు, ఎముక తీసిన చికెన్ ఉప్పు లేకుండా ఉడికించండి. బియ్యాన్ని మామూలు కంటే ఎక్కువ నీళ్ళతో మెత్తగా జావలా వండండి. ఉడికాక తూచినప్పుడు చికెన్ ఒక వంతు, అన్నం రెండు వంతులు ఉండాలి.

10 కేజీల పెద్ద కుక్కకు రోజు మొత్తానికి ఉడికిన చికెన్ 150 గ్రాములు, అన్నం 300 గ్రాములు సరిపోతాయి. మొదటి రోజు అందులో సగమే. దాన్ని నాలుగైదు సార్లుగా పంచండి. రెండు పూటలకే పెడితే అంత మొత్తం జీర్ణం కాకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ పులిసి మళ్ళీ నీళ్ళ మోషన్ అవుతుంది.

చికెన్ వండని ఇళ్ళలో కుక్కకు ఉడికించిన కోడిగుడ్డు తెల్లసొన వాడవచ్చు. పిండిపదార్థం కుక్కకు బాగానే అరుగుతుంది. పప్పుచారు అన్నం మాత్రం ఈ మూడు రోజులూ వద్దు. అందులో ఉల్లిపాయ, కారం, తాలింపు అన్నీ ఉంటాయి.

*మూడో రోజు.* మలం మార్కు 4 కంటే తగ్గితే పాత తిండి పావు వంతు కలపడం మొదలుపెట్టండి. చికెన్, అన్నం సంపూర్ణ ఆహారం కాదు, కాల్షియం దాదాపు ఉండదు. ఐదు రోజులకు మించి దాని మీదే ఉంచకండి. 48 గంటలైనా 6, 7లోనే ఉంటే ఇక డాక్టరే చూడాలి.

ఇక అందరూ చేసే పని ఒకటుంది: మెడికల్ షాపుకు వెళ్ళి మనుషుల విరేచనాల మాత్ర, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్, సగం విరిచి వేయడం. మామూలు లూజ్ మోషన్స్ చాలావరకు తిండి సరిచేస్తే యాంటీబయాటిక్ లేకుండానే తగ్గుతాయి. కుక్కల్లో తీవ్రత లేని మోషన్స్‌కు యాంటీబయాటిక్ వాడవద్దని ఐరోపా నిపుణుల బృందం 2024లో మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. పైగా మెట్రోనిడజోల్ మోతాదు మించితే కుక్క తూలుతుంది, కళ్ళు అటూ ఇటూ కదులుతుంటాయి. మోషన్స్ టక్కున ఆపే లోపెరమైడ్ కూడా కోలీ లాంటి కొన్ని జాతులకు విషంతో సమానం.

5. తిండి మార్చే పద్ధతి

ఒక ప్యాకెట్ ఫుడ్ నుంచి ఇంకో ప్యాకెట్ ఫుడ్‌కు మారడం తేలిక. రోజుకు 240 గ్రాములు తినే 15 కేజీల కుక్కకు లెక్క ఇది:

- 1, 2 రోజులు: పాతది 180, కొత్తది 60 గ్రాములు
- 3, 4 రోజులు: సగం సగం, 120 చొప్పున
- 5, 6 రోజులు: పాతది 60, కొత్తది 180
- 7వ రోజు: మొత్తం కొత్తది

ఎక్కడైనా మలం 5కి వెళితే ముందుకు సాగకండి. ఒక మెట్టు వెనక్కి దిగి మూడు రోజులు ఆగండి. కడుపు సున్నితమైన కుక్కలకూ, అన్ని పిల్లులకూ ఈ వారం పనిని రెండు వారాలకు సాగదీయండి.

అసలు తప్పులు జరిగేది ఇంటి తిండి నుంచి డ్రై ఫుడ్‌కు మార్చేటప్పుడు. మనవాళ్ళకు ఏ ప్యాకెట్ అయినా 'పెడిగ్రీ'యే, ఎంత పెట్టాలన్నా 'ఒక గిన్నె'యే. చికెన్ అన్నంలో దాదాపు మూడింట రెండు వంతులు నీళ్ళు. డ్రై ఫుడ్‌లో నీళ్ళు పదో వంతు మాత్రమే. 600 గ్రాముల చికెన్ అన్నం తినే కుక్కకు డ్రై ఫుడ్ సుమారు 240 గ్రాములు చాలు. పాత గిన్నె నిండా డ్రై ఫుడ్ పోస్తే కుక్క అవసరానికి మించి తింటుంది, మర్నాడు మెట్ల మీదంతా మోషన్స్. తప్పు బ్రాండ్ మీదకు పోతుంది. ఇంకో కంపెనీ కొంటారు, మళ్ళీ గిన్నె నిండా పోస్తారు.

కాబట్టి మొదటి రెండు రోజులు ఇంటి తిండి 450, డ్రై ఫుడ్ 60 గ్రాములు. తర్వాత 300కి 120, ఆపైన 150కి 180. కంపెనీని బట్టి బలం మారుతుంది గనుక ప్యాకెట్ వెనక పట్టికతో సరిచూసుకోండి.

మార్పు జరుగుతున్న వారంలో కొత్త చూ స్టిక్, కొత్త టానిక్ ఏదీ వద్దు. నట్టల మందు కూడా, అంత అవసరమేమీ లేకపోతే, తర్వాత వేయండి. లేకపోతే దేనివల్ల మోషన్స్ అయ్యాయో తేలదు.

6. పెరుగు, గుమ్మడి, ఇసబ్గోల్, ప్రోబయోటిక్: ఏది ఎంత, ఎప్పుడు

*పెరుగు.* బాగా తోడుకున్న ఇంటి పెరుగులో పాల కంటే లాక్టోజ్ (పాలలోని చక్కెర) తక్కువ. అందుకే పాలకు మోషన్స్ అయ్యే కుక్క కూడా పెరుగు కొంచెం తట్టుకుంటుంది. 10 కేజీల కుక్కకు రోజుకు ఒకటి రెండు టేబుల్ స్పూన్లు. ఉప్పు, ఇంగువ, పచ్చిమిర్చి, తాలింపు ఏదీ తగలకూడదు. పెరుగులోని బ్యాక్టీరియా కుక్క పేగుల్లో కాపురం పెట్టదు, అలా వెళ్ళిపోతుంది. తిండిలో భాగంగా మంచిదే, మందుగా లెక్కపెట్టకండి. రెండు పూటలా పెరుగన్నం మీదే పెరిగే కుక్కకు మాంసకృత్తులు చాలవు. వాడిపోయిన బొచ్చు ఆ సంగతి చెబుతుంది.

*తియ్య గుమ్మడి.* తొక్క, గింజలు తీసి ఆవిరి మీద ఉడికించి మెత్తగా నలపండి. 10 కేజీల కుక్కకు పూటకు ఒక టేబుల్ స్పూను, పిల్లికి ఒక టీ స్పూను. పెద్దపేగులోని బ్యాక్టీరియా ఈ పీచును పులియబెట్టి బ్యూటిరేట్ అనే కొవ్వు ఆమ్లం తయారుచేస్తుంది. పేగు లోపలి పొర బతికేది ఎక్కువగా దాని మీదే. ఎక్కువైతే మళ్ళీ మోషన్సే.

*ఇసబ్గోల్.* 10 కేజీల కుక్కకు రోజుకు ఒక టీ స్పూను పొట్టు. 50 మి.లీ. నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, జెల్లీలా అయ్యాక తిండిలో కలపండి. పొడిగా చల్లితే పేగులోని నీళ్ళు పీల్చి మలబద్ధకం తెస్తుంది. నారింజ, నిమ్మ వాసనల రకాలు కొనకండి. కొన్నిట్లో తీపి కోసం వేరే పదార్థాలు కలుపుతారు. వాటిలో జైలిటాల్ ఉంటే కుక్కకు ప్రాణాంతకం.

*ప్రోబయోటిక్.* పై మూడూ కుదురుకున్నాక ఇది. కొనేటప్పుడు డబ్బా మీద చూడండి:

- బ్యాక్టీరియా పేరు పూర్తిగా ఉందా? ఎంటరోకాకస్ ఫీషియం, లాక్టోబాసిల్లస్ అసిడోఫిలస్ ఇలా. ఊరికే 'మంచి బ్యాక్టీరియా' అని ఉంటే వదిలేయండి.
- ఒక మోతాదులో ఎన్ని ఉన్నాయి? కనీసం 100 కోట్లు ఉండాలి.
- గడువు తేదీ, నిల్వ ఉష్ణోగ్రత. 25 డిగ్రీల లోపు అని రాసి ఉన్న డబ్బా ఎండ పడే షెల్ఫులో కనిపిస్తే డబ్బులిచ్చి పిండి కొన్నట్టే.
- జైలిటాల్ లేదని రూఢి చేసుకున్నారా?

వేడి అన్నంలో కలపకండి. చేత్తో ముట్టుకుంటే చల్లగా తగిలాకే కలపాలి.

7. యాంటీబయాటిక్ కోర్సు పడినప్పుడు

మన దగ్గర ఎక్కువగా ఎదురయ్యేది గోమార్లు కుట్టి వచ్చే టిక్ ఫీవర్. దానికి డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ సాధారణంగా 28 రోజులు రాస్తారు. మోషన్స్ భయంతో మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది. కోర్సు పూర్తిచేస్తూనే పేగులను కాపాడుకోవాలి.

1. మాత్ర ఖాళీ కడుపున వద్దు, తిండితో ఇవ్వండి.
2. మాత్రను పెరుగులోనో పాలకోవాలోనో దాచిపెట్టకండి. పాలలోని కాల్షియం డాక్సీసైక్లిన్‌ను పట్టేసుకుంటుంది, మందు ఒంటికి తక్కువ అందుతుంది. ఉడికిన చికెన్ ముక్క మధ్యలో పెట్టండి. పెరుగు పెట్టాలంటే వేరే పూట.
3. పిల్లికి పొడి మాత్ర మింగించి వదలకండి. వెంటనే సిరంజితో 5 మి.లీ. నీళ్ళు పట్టండి. మాత్ర గొంతులో అంటుకుంటే అన్నవాహిక పుండై ముడుచుకుపోతుంది.
4. బ్యాక్టీరియా ఉన్న ప్రోబయోటిక్‌కూ యాంటీబయాటిక్‌కూ మధ్య కనీసం 2 గంటలు ఎడం ఉంచండి. సాకరోమైసిస్ బౌలార్డై రకం మేలు. అది ఈస్ట్ గనుక బ్యాక్టీరియాను చంపే మందు దాన్ని తాకదు. ఎంత ఇవ్వాలో మందు రాసిన డాక్టరునే అడగండి. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన జంతువుకు ఏ ప్రోబయోటిక్ అయినా అడగకుండా వద్దు.
5. కోర్సు అయ్యాక మరో రెండు వారాలు ప్రోబయోటిక్, గుమ్మడి కొనసాగించండి. ఆ రెండు వారాలూ తిండి మార్చకండి.

కోర్సు అయ్యాక కూడా కొనసాగించడం ఎందుకంటే: కాలేయం నుంచి వచ్చే పైత్యరసాన్ని పేగుల్లో హిరానోనిస్ అనే బ్యాక్టీరియా మారుస్తుంది. హానికర క్రిములను అదుపులో పెట్టేది ఆ మారిన రూపమే. మెట్రోనిడజోల్ లాంటి మందు ఈ బ్యాక్టీరియాను తుడిచిపెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలకే ఆ మందు ఇచ్చి చూస్తే, ఆపిన 4 వారాలకు కూడా కొన్నిటిలో పేగులు పాత స్థితికి రాలేదు. మోషన్ గట్టిపడగానే అంతా సర్దుకుందనుకోవద్దు.

8. పిల్లి దగ్గర మారే లెక్కలు

పిల్లి పూర్తి మాంసాహారి. టారిన్ అనే పదార్థం మాంసం నుంచే రావాలి, లేకపోతే గుండె, కళ్ళు దెబ్బతింటాయి. శాకాహార ఇళ్ళలో పిల్లిని పెంచేవాళ్ళు పాలన్నం బదులు కనీసం పిల్లుల కోసమే చేసిన ప్యాకెట్ ఫుడ్ పెట్టండి. ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు పడవు. 'పిల్లికి పాలు' అన్నది మన సామెతలకే బాగుంటుంది.

మోషన్స్ అయితే 4 కేజీల పిల్లికి రోజుకు ఉడికించిన చికెన్ 120 గ్రాములు, ఐదారు సార్లుగా. అన్నం ఒక స్పూనుకు మించి అక్కర్లేదు. బాగా తినే, లావైన పిల్లి రెండు మూడు రోజులు పస్తుంటే కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదకు వస్తుంది.

మగపిల్లి లిట్టర్ ట్రేలో కూర్చుని ముక్కుతుంటే మలబద్ధకం అనుకుని ఇసబ్గోల్ పెట్టకండి. ముందు ట్రేలో మూత్రం ముద్దలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే మూత్రం అడ్డుపడినట్టు. అప్పుడు ఒక్క గంట కూడా ఆగకూడదు.

9. ఎండలకూ వానలకూ తిండి నిల్వ

- ఎండాకాలంలో తడి తిండి అరగంటకు మించి గిన్నెలో ఉండనీయకండి. మిగిలింది తీసి పారేయండి, గిన్నె సబ్బుతో కడగండి.
- డ్రై ఫుడ్‌ను సంచితో సహా గట్టి మూత డబ్బాలో పెట్టండి. డబ్బాలోకి గుమ్మరిస్తే గోడలకు అంటిన పాత నూనె మక్కి కొత్తదాన్నీ పాడుచేస్తుంది.
- విప్పిన సంచి నెల రోజుల్లో అయిపోయేంత సైజే కొనండి. పెద్దదైతే చవక నిజమే, వానాకాలం తేమకు బూజు పడితే ఆ చవక ఆసుపత్రి బిల్లులో తేలుతుంది.
- కిలోల లెక్కన విడిగా తూచి అమ్మే డ్రై ఫుడ్ వద్దు. గడువు తేదీ తెలియదు.
- వీధి గుంటల్లో నీళ్ళు తాగనీయకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినట్టు నీళ్ళు చేరిన రోజుల్లో మరిగించి చల్లార్చిన నీళ్ళే పెట్టండి. నీళ్ళ ద్వారా పేగుల్లో చేరే జియార్డియా అనే పరాన్నజీవి మామూలు క్లోరిన్‌కు సులభంగా చావదు.

10. పదేపదే కనిపించే పొరపాట్లు

- *బిర్యానీ ఎముకలు.* ఉడికిన ఎముక చీలికలై పేగును గుచ్చుతుంది. పైన ఉన్న మసాలా, ఉల్లి వేరే నష్టం. ఉల్లి, వెల్లుల్లి ఉడికినా ఎర్ర రక్తకణాలను విరిచేస్తాయి.
- *పండగ ప్రసాదం.* చక్కెర పొంగలిలో, పరమాన్నంలో ఎండుద్రాక్ష ఉంటుంది. కుక్క మూత్రపిండాలకు అది విషం. ఎంత తింటే ప్రమాదమన్నది కుక్కను బట్టి మారుతుంది కాబట్టి నాలుగు గింజలే కదా అనుకోకండి.
- *పచ్చి చికెన్ వేస్ట్.* మార్కెట్లో చవకగా దొరికే చర్మం, పేగులతో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా జబ్బు కుక్కకే కాదు, గిన్నె కడిగే మనిషికీ వస్తుంది.
- *చిరుతిండి.* రోజు తిండి బలంలో పదో వంతు దాటకూడదు.
- *నట్టల మందు మరవడం.* కూనలకు రెండు వారాల వయసు నుంచి మొదలుపెట్టి రెండు వారాలకోసారి, ఎనిమిది వారాలు దాటాక ఆరు నెలల దాకా నెలకోసారి, తర్వాత సాధారణంగా మూడు నెలలకోసారి. మోతాదు ఆ రోజు బరువును బట్టి. కడుపులో కొంకిపురుగులు రక్తం పీలుస్తుంటే పేగులకు ఏ ప్రోబయోటిక్ ఏం చేస్తుంది?

11. మూడు వారాలైనా కుదుటపడకపోతే: నమూనా తీసుకెళ్ళే తీరు

తాజా మలం నుంచి ఉసిరికాయంత చాలు. నేలకు తగలని పై భాగం నుంచి, మట్టి అంటకుండా శుభ్రమైన చెంచాతో డబ్బాలోకి తీసుకోండి. డబ్బా మీద తేదీ, గంట రాయండి. వెంటనే వెళ్ళలేకపోతే ఫ్రిజ్‌లో కింది అరలో, కవరులో చుట్టి పెట్టండి. ఫ్రీజర్లో పెట్టకూడదు. జియార్డియా రోజూ బయటపడదు గనుక మూడు వేర్వేరు రోజుల నమూనాలు ఇవ్వడం మంచిది. ముందుగా కొనమన్న మూడు డబ్బాలు ఇందుకే.

నమూనాతో పాటు మీ నోటు పుస్తకం, తిండి ప్యాకెట్ ఫోటో, ఇప్పటిదాకా వేసిన ప్రతి మందు పేరు, టీకా కార్డు పట్టుకెళ్ళండి. మెడికల్ షాపులో కొని వేసిన సగం మాత్ర సంగతీ దాచకండి. దాన్ని బట్టే పరీక్ష ఫలితం అర్థం మారుతుంది. స్థానిక క్లినిక్‌లో తేలని కేసులకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. గుంటూరు నుంచి వెళ్ళేవాళ్ళు కుక్కను ఉదయం చల్లపూటే బయలుదేరదీయండి. కడుపు బాగోని కుక్కకు ప్రయాణంలో తిండి పెట్టకండి, నీళ్ళు మాత్రం గంటకోసారి కొద్దికొద్దిగా పట్టండి.